మిట్టమధ్యాహ్నం ఆగిపోయే సోలార్ ఇన్వర్టర్: రెండున్నరేళ్ల వాడకం

తెనాలి దగ్గర మా ఇంటి మీద 2023 మార్చిలో 3 కిలోవాట్ల సోలార్ పెట్టించాను. ప్యానెళ్ల గురించీ సబ్సిడీ గురించీ చెప్పేవారు చాలామంది ఉన్నారు కనుక, నేను ఇన్వర్టర్‌కున్న ఒక్క గుణం గురించే రాస్తాను. ప్యానెళ్ల కరెంటును ఇంట్లో వాడుకునేలా మార్చి, మిగిలినదాన్ని వీధి లైనులోకి పంపే యంత్రం ఇది. లైనులో వోల్టేజి 253 దాటితే అది తనంతట తానే లైను నుంచి విడిపోతుంది. 230కి 10 శాతం ఎక్కువన్న ఆ హద్దు మన దేశపు నిబంధనల్లోదే కనుక తప్పు యంత్రానిది కాదు. అయినా ఒక చలికాలమంతా దాన్ని తిట్టుకున్న మాట దాచను.

మొదటి వేసవిలో ఏ చిక్కూ రాలేదు, ఆ మురిపెంలోనే బంధువులందరికీ పెట్టించుకోమని చెప్పాను. ఇరుగుపొరుగు ఏసీలే వోల్టేజిని అదుపులో ఉంచాయని అప్పట్లో తెలియదు. సంక్రాంతి వచ్చేసరికి ఎండ నిండుగా ఉంది, వీధిలో కరెంటు వాడకం మాత్రం లేదు, దాంతో మేం పంపే కరెంటుకు లైనులో వోల్టేజి పెరిగిపోయేది. పదకొండింటి నుంచి రెండింటి దాకా ఇన్వర్టర్ ఆగడం, వోల్టేజి దిగాక నిమిషం చూసి మళ్లీ కలవడం, ఉత్పత్తి పెరగగానే మళ్లీ ఆగడం, ఇదే తంతు. బిగించినవారు వచ్చి హద్దును 265కు పెంచేస్తే సరిపోతుందన్నారు. ఆ వోల్టేజి పక్కింటి ఫ్రిజ్‌కు కూడా చేరుతుంది కనుక నేను ఒప్పుకోలేదు.

ఇన్వర్టర్‌ను ఆపి మీటరు దగ్గర కొలిస్తే 243, పూర్తిగా పనిచేస్తున్నప్పుడు 254. స్తంభం నుంచి మాకు వచ్చేది 40 మీటర్ల సర్వీసు వైరు, 4 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం. పోనూ రానూ కలిపి దాని నిరోధం 0.6 ఓమ్ దాకా ఉంటుంది. మా 13 ఆంపియర్లు దాని గుండా స్తంభానికి చేరాలంటే ఇంటి దగ్గర వోల్టేజి అక్కడికంటే దాదాపు 8 వోల్టులు ఎక్కువ ఉండక తప్పదు. 16 చదరపు మిల్లీమీటర్ల వైరు వేయించాక ఆ 8 కాస్తా 2 అయింది, మధ్యాహ్నం వోల్టేజి 248 దగ్గర నిలిచింది.

తర్వాత మా ఫేజు మీదే, అంటే మా ఇంటికి కరెంటు వచ్చే తీగ మీదే, మరో రెండిళ్లకు సోలార్ వచ్చింది. 2025 సంక్రాంతికి మళ్లీ 252 చూశాను, రెండుసార్లు ఆగింది కూడా. మాది ట్రాన్స్‌ఫార్మర్ నుంచి చిట్టచివరి స్తంభం. దగ్గరలో ఉన్నవారికి ఈ ఇన్వర్టరే ఏ ఇబ్బందీ పెట్టకపోవచ్చు. మాలాగా చివర ఉన్నవారు మాత్రం కొనేముందు జనవరి మధ్యాహ్నం ఒకసారి వోల్టేజి కొలిపించుకుంటే మంచిది. మేమైతే మా కరెంటు ఇంట్లోనే ఖర్చయి లైనులోకి తక్కువ పోవాలని నీళ్ల మోటారూ వాషింగ్ మెషీనూ పన్నెండు దాటాకే వేస్తున్నాం.