పాత కోచ్‌ను ఉంచుకోవడమా, మార్చడమా: టొరంటో, పిట్స్‌బర్గ్

ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో కొత్త జనరల్ మేనేజర్‌కు (ఆటగాళ్లను, కోచ్‌ను ఎంపిక చేసే అధికారికి) జట్టుతో పాటు మునుపటివారి కోచ్ కూడా దక్కితే ఏం చేయాలో 2023-24 సీజన్ రెండు విధాలుగా చూపింది.

టొరంటో మేపుల్ లీఫ్స్ జట్టుకు జనరల్ మేనేజర్‌గా వచ్చిన బ్రాడ్ ట్రెలివింగ్, తనకు ముందున్న కైల్ డూబస్ నియమించిన కోచ్ షెల్డన్ కీఫ్‌తో తొలి వేసవిలోనే ఒప్పందం పొడిగించారు. అయితే ప్లేఆఫ్స్ (సీజన్ చివర జరిగే నాకౌట్ దశ) మొదటి రౌండ్‌లో, ఏడు మ్యాచ్‌ల సిరీస్‌లోని ఏడో మ్యాచ్ అదనపు సమయంలో బోస్టన్ చేతిలో ఓడాక, కీఫ్‌ను తొలగించి క్రెయిగ్ బెరూబేను తీసుకున్నారు. మరుసటి ఏడాది టొరంటో లీగ్‌లోని తన విభాగమైన అట్లాంటిక్ డివిజన్‌లో అగ్రస్థానంలో నిలిచి, ప్లేఆఫ్స్‌లో ఒక రౌండ్ గెలిచింది.

టొరంటోను వీడిన అదే డూబస్ పిట్స్‌బర్గ్ పెంగ్విన్స్ బాధ్యతలు చేపట్టి, 2016, 2017లలో వరుసగా లీగ్ విజేత ట్రోఫీ అయిన స్టాన్లీ కప్ గెలిపించిన కోచ్ మైక్ సలివాన్‌ను కొనసాగించారు. పేరున్న డిఫెన్స్ ఆటగాడు ఎరిక్ కార్ల్‌సన్‌ను తెచ్చినా, జట్టు మూడు పాయింట్ల తేడాతో ప్లేఆఫ్స్‌కు దూరమైంది. సీజన్ నడుమనే ఫార్వర్డ్ ఆటగాడు జేక్ గెంట్జెల్‌ను కరోలినా జట్టుకు పంపవలసి వచ్చింది. మరుసటి ఏడాదీ ప్లేఆఫ్స్ దక్కలేదు. 2025 ఏప్రిల్‌లో సలివాన్ వైదొలిగారు.

ఫలితాలను బట్టి టొరంటో మార్గమే మేలనిపించవచ్చు గాని, ఆ పోలిక అసంపూర్ణం. అప్పట్లో అక్కడి కీలక ఆటగాళ్లు మంచి వయసులో ఉండి ప్లేఆఫ్స్‌లో తడబడుతుండేవారు కనుక, కొత్త కోచ్ గొంతు వినిపించడం సమంజసం. పిట్స్‌బర్గ్‌లో కీలక ఆటగాళ్లయిన క్రాస్బీ, మాల్కిన్, లెటాంగ్ అప్పటికే ముప్పై అయిదేళ్లు దాటారు. లోపం జట్టు కూర్పులో ఉన్నప్పుడు కోచ్‌ను బలిచేయకపోవడం న్యాయమే. డూబస్‌ను తప్పుపట్టాలంటే కార్ల్‌సన్‌ను తెచ్చుకున్న ఒప్పందాన్నే ముందుగా ప్రశ్నించాలని నా అభిప్రాయం.