సౌండ్ ఆగిపోయిందా? సీపీయూని షాపుకి ఇచ్చే ముందు ఇది చదవండి

విశాఖలో ఇంట్లో కంప్యూటర్ ఉన్నవాళ్లకి, అందులోనూ పెద్దవాళ్లే వాడుకునే ఇళ్లకి ఈ హెచ్చరిక. స్పీకర్లలో సౌండ్ రావట్లేదని సీపీయూ పట్టుకెళ్తే "సౌండ్ ఐసీ (బోర్డు మీద సౌండ్ పని చూసే చిన్న చిప్) పోయింది, మార్చాలి" అనే షాపులు ఉన్నాయి. ఆ మాటకి మా ఇంట్లో డబ్బు పోయింది, అంతకంటే ముఖ్యమైనవీ పోయాయి.

మా మావయ్యగారు స్టీల్‌ప్లాంట్‌లో పనిచేసి రిటైరయ్యారు. పొద్దున్నే కంప్యూటర్‌లో ప్రవచనాలు పెట్టుకుని వింటారు. పాత మానిటర్ పాడైతే కొత్తది కొని, దాంతో వచ్చిన హెచ్‌డీఎంఐ కేబుల్‌తో కలిపారు. బొమ్మ బ్రహ్మాండంగా వచ్చింది కానీ స్పీకర్లు పలకలేదు. దగ్గర్లో ఉన్న షాపులో చూపిస్తే, సముద్రపు గాలికి బోర్డు మీద సౌండ్ ఐసీ పాడైందని చెప్పి, మార్చామని రూ.3,500 తీసుకున్నారు. ఒక్క మాటైనా అడగకుండా విండోస్ ఫార్మాట్ చేసేశారు. డెస్క్‌టాప్ మీద ఉన్న మనవరాలి ఫోటోలు, పెన్షన్ కాగితాల స్కాన్లు అన్నీ పోయాయి. తీసేసిన పాత ఐసీ ఏదంటే పారేశామన్నారు. బిల్లు అడిగితే తెల్లకాగితం మీద అంకె రాసిచ్చారు, షాపు పేరు కూడా లేదు.

షాపులో వాళ్ల మానిటర్‌కి తగిలించి పాట వినిపించారు. ఇంటికొచ్చాక మళ్లీ సౌండ్ లేదు. తిరిగి తీసుకెళ్తే మళ్లీ పాట వినిపించారు, ఆ వెంటనే మీ ఇంట్లో ఓల్టేజ్ తేడా వల్ల కొత్త ఐసీ కూడా దెబ్బతింటోందని, మదర్‌బోర్డే మార్చాలని ఇంకో రూ.7,000 చెప్పారు. అక్కడ మోగేది ఇంట్లో ఎందుకు మోగదని ఆయన అడిగినదానికి జవాబు లేదు. పెద్దాయన టెన్షన్ పడి, ఆ డబ్బు కూడా కట్టడానికి సిద్ధమయ్యారు. అదే సమయానికి మా తమ్ముడు ఇంటికొచ్చి చూశాడు. టాస్క్‌బార్‌లో స్పీకర్ గుర్తు నొక్కి, సౌండ్ ఎటు వెళ్తోందో చూసి మార్చాడు. స్పీకర్లు మోగాయి.

జరిగింది ఇదీ. హెచ్‌డీఎంఐ కేబుల్ బొమ్మతో పాటు సౌండ్‌ని కూడా మోస్తుంది. అందుకే ఆ కేబుల్‌తో మానిటర్ పెట్టగానే విండోస్ ఒక్కోసారి సౌండ్‌ని దానికే పంపేస్తుంది. ఆ మానిటర్‌లో స్పీకర్లు లేకపోతే ఏమీ వినిపించదు. షాపులో ఉన్నది పాత వీజీఏ మానిటర్. వీజీఏ కేబుల్‌లో సౌండ్ రాదు కాబట్టి అక్కడ స్పీకర్లకే వెళ్లింది. ఐసీ నిజంగా మార్చారో లేదో నిరూపించడానికి పాత ముక్క మా చేతిలో లేదు. కానీ చాలా బోర్డుల మీద ఉండే ఆ చిప్ గోరంత ఉంటుంది, 48 సన్నటి కాళ్లతో. దాన్ని విప్పి కొత్తది అతికించడం చిన్నపని కాదు, కూర్చోబెట్టి గంటలో చేసిచ్చామంటే నేను నమ్మను.

మీ ఇంట్లో ఇలా అయితే ముందు స్పీకర్ గుర్తు నొక్కండి. విండోస్ 11లో వాల్యూమ్ గీత పక్కనున్న బాణం, విండోస్ 10లో పైన కనిపించే పేరు నొక్కితే జాబితా వస్తుంది. అక్కడ మానిటర్ పేరు ఎంచుకుని ఉంటే, రియల్‌టెక్ (సౌండ్ చిప్ కంపెనీ పేరు) లేదా స్పీకర్స్ అని ఉన్నదానికి మార్చండి. ఆ పేరే కనబడకపోతే కంట్రోల్ ప్యానెల్‌లో సౌండ్ తెరిచి, ప్లేబ్యాక్ జాబితాలో ఖాళీ చోట రైట్ క్లిక్ చేసి, ఆపేసి ఉన్న పరికరాలు చూపించమనండి. ఏదైనా వీడియో పెట్టి అక్కడే స్పీకర్ పక్కనున్న ఆకుపచ్చ గీతలు గమనించండి. అవి ఆడుతూ ఉండి సౌండ్ రాకపోతే విండోస్ తన పని చేస్తున్నట్టే, స్పీకర్లకి కరెంటు, వైరు, జాక్ చూసుకోవాలి. వైరు సీపీయూ వెనక ఆకుపచ్చ రంధ్రంలోనే ఉండాలి, గులాబీ రంగుది మైకుకి. మన ఊళ్లో ఉప్పుగాలికి జాక్‌లు నిజంగానే చిలుము పడతాయి. పిన్నుని అటూ ఇటూ తిప్పితే గరగరమని వచ్చి పోతుంటే అనుమానించాల్సింది జాక్‌నే.

అప్పటికీ లాభం లేకపోతే డివైస్ మేనేజర్‌లో (విండోస్‌లో పరికరాల జాబితా ఉండే చోటు) ఆ సౌండ్ పరికరాన్ని తీసేసి కంప్యూటర్ రీస్టార్ట్ చేయండి, మామూలుగా విండోస్ డ్రైవర్‌ని, అంటే ఆ పరికరాన్ని నడిపే సాఫ్ట్‌వేర్‌ని, తనే మళ్లీ వేసుకుంటుంది. బోర్డు తయారుచేసిన కంపెనీ వెబ్‌సైట్‌లో కూడా డ్రైవర్ ఉచితంగానే దొరుకుతుంది. చిప్ నిజంగానే పోయిందనుకున్నా, బోర్డు మిగతా పనులన్నీ చేస్తుంటే మార్చనక్కర్లేదు. యూఎస్‌బీ సౌండ్ కార్డు కొన్ని వందల రూపాయలకే వస్తుంది, సీపీయూకి గుచ్చి స్పీకర్ల వైరు దానికి పెడితే చాలు. ఈ దారి ఉందని చెప్పకుండా నేరుగా బోర్డు దగ్గరికే వెళ్లే షాపులో నేనైతే ఇంకో నిమిషం ఉండను.

షాపుకి ఇవ్వక తప్పకపోతే ఫోటోలు, కాగితాలు ముందే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోండి. మీ మానిటర్, కేబుల్ కూడా తీసుకెళ్లి వాటితోనే పరీక్షించమనండి. ఫార్మాట్ చేయొద్దని, తీసిన భాగం తిరిగివ్వాలని కాగితం మీద రాయించుకోండి. ఇందుకు మొహమాటపడొద్దు. పనికి బిల్లు ఇవ్వకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతే. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించవచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లాలంటే రెండేళ్లలోపు వెళ్లాలి, కట్టిన మొత్తం రూ.5 లక్షల లోపైతే ఫీజు ఉండదు.

మావయ్యగారు యూపీఐలో చెల్లించారు కాబట్టి డబ్బు ఎవరి ఖాతాకి వెళ్లిందో మా దగ్గర రుజువు ఉంది. ఆ స్క్రీన్‌షాట్, ఆ తెల్లకాగితం జతచేసి, డబ్బు వెనక్కి ఇవ్వమని షాపుకి స్పీడ్ పోస్టులో ఉత్తరం పంపాం. జవాబు రాకపోతే కమిషన్‌కి వెళ్తాం. నగదు ఇస్తేనే తగ్గిస్తామని ఎవరైనా అంటే, ఆ తగ్గింపు మాకొద్దని చెప్పండి.