ఫోనుకి తగిలించే మాక్రో లెన్సు: పండు ఈగలకి బాగా పనికొచ్చింది

ఉదయగిరి దగ్గర మాకు మామిడి, జామ ఉన్నాయి. నెల్లూరు ట్రంకు రోడ్డులో 450 రూపాయలకి ఈ క్లిప్పు లెన్సు కొన్నాను. రెండు కాపులు వాడి చూశాకే రాస్తున్నా.

పండు ఈగల్ని రప్పించే మందు మిథైల్ యూజినాల్ పెట్టిన బుట్టలో పడ్డ ఈగలన్నీ మామూలు కంటికి ఒకటే. లెన్సులో అలా కాదు. రెక్క పైఅంచు వెంబడి ముదురు గీత కొసదాకా తెగకుండా ఉంటే అది బాక్ట్రోసెరా డోర్సాలిస్ అనే జాతి ఈగ. గీత మధ్యలో తెగి, కొసన మచ్చ ఉంటే బాక్ట్రోసెరాలోనే జొనాటా అనే జాతి గానీ కరెక్టా అనే జాతి గానీ. జొనాటా వీపు ఎర్రమట్టి రంగు, కరెక్టాది నలుపు. ముఖం కూడా చూడాలి: జొనాటాకి విడివిడిగా రెండు నల్లచుక్కలుంటాయి, కరెక్టాకి అవి అడ్డంగా సాగి దాదాపు కలిసిపోతాయి. ఆ చుక్కలు మొదటిసారి తేటగా కనబడ్డ రోజు మా ఆవిణ్ణి పిలిచి మరీ చూపించాను.

చెయ్యి ఏమాత్రం కదిలినా మసకే. బతికున్న ఈగని కాసేపు ఫ్రిజ్జులో ఉంచి, తెల్లకాగితం మీద పెట్టి తీయండి. పైనుంచి, పక్కనుంచి, ముఖం, మూడు ఫోటోలూ కావాలి. పైనుంచి తీసిన ఒక్కటే ఇస్తే పేరు చెప్పే యాప్ ఒకటి నా జొనాటాని డోర్సాలిస్ అనేసింది.

క్లిప్పు రబ్బరు ఆరు నెలలకే ఊడింది. అందుకే ఐదుకి నాలుగు స్టార్లు.