మైల్స్ మాట నిలబెట్టుకున్నాయి, శంషాబాద్ హోటల్ ముంచింది

అమ్మానాన్నలను తెనాలి నుంచి డాలస్‌కి బిజినెస్ క్లాస్‌లో తీసుకొచ్చాను. ఇద్దరి విమానం టికెట్లకీ కలిపి నా జేబులోంచి పోయింది 166 డాలర్లు, మిగతాదంతా క్రెడిట్ కార్డు బోనస్‌గా వచ్చిన మైల్స్, అంటే టికెట్లకి మార్చుకునే పాయింట్లు. అదే ప్రయాణంలో శంషాబాద్‌లో కాసేపు నడుం వాల్చడానికి తీసుకున్న గది తలుచుకుంటే మాత్రం ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. రెండూ చెప్తాను. ముందు టికెట్ల సంగతి, ఎందుకంటే ఫోన్ చేసేవాళ్లంతా దాని గురించే అడుగుతున్నారు.

పోయినసారి ఎకానమీలో వచ్చినప్పుడు అమ్మ కాళ్లు వాచిపోయాయి. దిగాక చెప్పులు కూడా పట్టలేదు. "ఇంక నన్ను రమ్మనకు, మీరే రండి" అని తేల్చేసింది. దోహా నుంచి డాలస్ దాదాపు 16 గంటలు. మోకాళ్ల నొప్పులున్న మనిషిని అంతసేపు మడిచి కూర్చోబెట్టడం నాకూ ఇష్టం లేదు. అలాగని ఇద్దరికీ బిజినెస్ క్లాస్ డబ్బు పెట్టి కొనే స్థోమతా లేదు. క్రెడిట్ కార్డుల వైపు చూసింది అందుకే.

నేనూ మా ఆవిడా చెరో కార్డు తీసుకున్నాం. సిటీ బ్యాంకు అమెరికన్ ఎయిర్‌లైన్స్‌తో కలిసి ఇచ్చే ప్లాటినం సెలెక్ట్. అప్పటి ఆఫర్ ప్రకారం నాలుగు నెలల్లో 3,500 డాలర్లు వాడితే 75,000 మైల్స్. మొదటి ఏడాది ఫీజు లేదు, రెండో ఏడాది నుంచి 99 డాలర్లు. ఈ ఆఫర్ ఎప్పుడూ ఒక్కలా ఉండదు. 50,000 దగ్గర ఉన్నప్పుడు తొందరపడి తీసుకోవద్దు. ఒకసారి బోనస్ పుచ్చుకుంటే అదే కార్డు మీద 48 నెలల దాకా మళ్లీ ఇవ్వరు. ఇద్దరం ఒకేసారి మొదలుపెట్టలేదు, నాది పూర్తయ్యాకే ఆవిడది. ఒకేసారి 7,000 డాలర్లు ఖర్చు పెట్టాలంటే ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టదు.

ఇందులో అసలు చిక్కు కాస్ట్‌కో. మన ఇళ్లలో నెల ఖర్చు సగం అక్కడే అవుతుంది. ఈ కార్డేమో మాస్టర్‌కార్డ్. అమెరికాలో కాస్ట్‌కో దుకాణాల్లో వీసా తప్ప వేరే క్రెడిట్ కార్డు తీసుకోరు. ఆ ట్రాలీ నిండా వేసుకునే సరుకులన్నీ లెక్కలోంచి తీసేసి చూసుకోవాలి. మేం రెండు కార్ల ఇన్సూరెన్స్ ఆరు నెలలది ఒకేసారి కట్టాం. పిల్లాడి డేకేర్, సెల్ బిల్లులు, ఇండియన్ స్టోర్ సరుకులు, అన్నీ దాని మీదే. ఇంకా తక్కువ పడితే ఇన్‌కమ్ టాక్స్ కూడా కార్డుతో కట్టొచ్చు, 2 శాతం లోపు రుసుము పడుతుంది. బోనస్ అందుకోవాలని అవసరం లేని పెద్ద టీవీ కొన్నవాళ్లున్నారు. ఆ టీవీ డబ్బుతో ఒక ఎకానమీ టికెట్ వచ్చేది.

నాన్న సహకార బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు. ఆయనకి ఇదంతా ఫోన్లో చెప్తే ఒక్కటే ప్రశ్న: "ఊరికే ఎవడిస్తాడ్రా? ఎవడో కడుతూ ఉండాలిగా?" కడుతున్నారు. బ్యాంకు ఎయిర్‌లైన్స్ దగ్గర మైల్స్ టోకున కొంటుంది. ఆ డబ్బుని దుకాణదారు మీద వేసే రుసుములోంచి, బాకీ పూర్తిగా కట్టనివాళ్ల వడ్డీలోంచి రాబట్టుకుంటుంది. ఆ వడ్డీ ఏడాదికి 20 శాతం పైమాటే. "అంటే వాడెవడో అప్పులో మునిగితే నేను కాళ్లు చాపుకుని పడుకోవాలన్నమాట" అన్నారు. నా దగ్గర సమాధానం లేదు. కాకపోతే ఒకటి: ప్రతి నెలా బిల్లు మొత్తం కట్టే అలవాటు లేనివాళ్లు ఈ కార్డుల జోలికే పోవద్దు. రెండు మూడు నెలల వడ్డీతో బోనస్ విలువకి చిల్లు పడుతుంది.

అమెరికన్ ఎయిర్‌లైన్స్ మైల్స్‌తో, వాళ్ల భాగస్వామి ఖతార్ ఎయిర్‌వేస్‌లో ఇండియా నుంచి అమెరికాకి ఒకవైపు బిజినెస్ క్లాస్ 70,000, ఎకానమీ 40,000. సీటు అమెరికన్ వెబ్‌సైట్‌లోనే కనిపిస్తుంది, కనిపించడమే కష్టం. ఒక సీటు అప్పుడప్పుడూ దొరుకుతుంది, ఒకే రోజు రెండు దొరకాలంటే ఓపిక పట్టాలి. బుకింగ్ 331 రోజుల ముందు తెరుస్తారు. అప్పుడు చూడాలి, లేదా బయల్దేరే రెండు వారాల ముందు చూడాలి. మధ్యలో వెతకడం వల్ల నాకు ఒరిగిందేమీ లేదు. దొరికిన తేదీ నచ్చకపోయినా ముందు పట్టేసుకోండి. విమానం బయల్దేరేలోపు రద్దు చేస్తే మైల్స్ పైసా కోత లేకుండా వెనక్కి వచ్చేస్తాయి. నా ఖాతాలోంచి అమ్మకి, మా ఆవిడ ఖాతాలోంచి నాన్నకి తీశాం. ఎవరి పేరు మీదైనా టికెట్ తీయొచ్చు. ఒకరి మైల్స్ ఇంకొకరి ఖాతాకి మార్చాలంటే మాత్రం డబ్బు గుంజుతారు, ఆ పని చేయకండి.

బ్రిటిష్ ఎయిర్‌వేస్‌లో లండన్ మీదుగా సీట్లు సులువుగా కనిపిస్తాయి. వాటి మీద సర్‌చార్జీలు వందల డాలర్లు. అది చూసి "ఫ్రీ టికెట్" అని మురిసిపోవద్దు. ఎతిహాద్ కూడా ఈ మైల్స్‌కి వస్తుంది. అబుదాబిలోనే అమెరికా ఇమిగ్రేషన్ అయిపోతుంది కాబట్టి పెద్దవాళ్లకి దిగాక క్యూ గొడవ ఉండదు. మాకు కుదిరిన తేదీల్లో అందులో రెండు సీట్లు లేవు.

విలువ ఎంత? ఆ రోజు అదే సీటు డబ్బు పెట్టి కొంటే 3,240 డాలర్లు. మేం కట్టిన పన్నులు మనిషికి 83. ఆ లెక్కన మైలుకి నాలుగున్నర సెంట్లు. ఇలాంటి లెక్కలు చూపించి కాలరెగరేసేవాళ్లు చాలామంది ఉన్నారు. నేనైతే 3,240 పెట్టి ఏ జన్మకీ కొనేవాడిని కాదు. కొనేది 870 డాలర్ల ఎకానమీ. దానితో పోలిస్తే మైలుకి 1.1 సెంటు, అంతే. అమ్మ కాళ్లకి మీరు ఎంత విలువ కడతారో అంత కలుపుకోండి. ఇదే బోనస్‌ని గిఫ్ట్ కార్డుల కింద మార్చుకున్నవాళ్ల మీద మాత్రం జాలి పడుతున్నాను.

సరే, ప్రయాణం. నేను కజిన్ పెళ్లికి ఇండియా వెళ్లి, వాళ్లతో కలిసి తిరుగు టికెట్ పెట్టుకున్నాను. నాది డబ్బు పెట్టి కొన్న ఎకానమీ. తెనాలి నుంచి శంషాబాద్‌కి ఇన్నోవా, టోల్‌గేట్లతో కలిపి 9,200 రూపాయలు, డ్రైవర్ మంచివాడు. విమానం తెల్లవారుజామున. సాయంత్రానికే చేరి, అర్ధరాత్రి దాకా పెద్దవాళ్లు పడుకుంటారని ఎయిర్‌పోర్ట్ దారిలో ఒక హోటల్ బుక్ చేశాను. పేరు రాయను. ఆన్‌లైన్‌లో దాని కింద "ఎయిర్‌పోర్ట్ డ్రాప్ ఉచితం, 24 గంటలూ వేడినీళ్లు" అని ఉంది. గది 3,600.

మొదటి దెబ్బ ఎక్స్‌ట్రా బెడ్. 900 రూపాయలు తీసుకుని కుర్రాడొకడు పల్చటి పరుపొకటి తెచ్చి మంచానికీ గోడకీ మధ్య దూర్చి వెళ్లాడు. దుప్పటి అడిగితే "ఒక రూముకి రెండే సార్". గీజర్ ఎర్రలైటు వెలుగుతూనే ఉంది, నీళ్లు మాత్రం చల్లగానే వస్తున్నాయి. చివరికి బకెట్‌తో వేడినీళ్లు తెచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. యాభై ఇస్తే కానీ కదల్లేదు. కింద ఫంక్షన్ హాలుందని ఎక్కడా రాయలేదు. పెళ్లి వాళ్లు డీజే పెట్టారు. కిటికీ అద్దాలు అదురుతుంటే అమ్మ చెవుల్లో దూది పెట్టుకుని మంచం మీద కూర్చుంది, పడుకోలేదు. బిజినెస్ క్లాస్‌లో వెళ్లబోయే మనిషికి అంతకుముందు రాత్రి ఈ భోగం.

అర్ధరాత్రి దాటాక కిందికి దిగి డ్రాప్ అడిగితే రిసెప్షన్‌లో ఉన్నతను తల ఎత్తకుండానే "1,500 అవుతుంది సార్" అన్నాడు. ఉచితం కదా అంటే, పది దాటితే చార్జీ అన్నాడు. "ఎక్కడ రాసుంది?" అని నాన్న అడిగారు. అతను వెనక గోడకేసి చూపించాడు. అక్కడ వేంకటేశ్వరస్వామి క్యాలెండర్ ఉంది. నాన్న కౌంటర్ పక్కనుంచి లోపలికి వెళ్లి క్యాలెండర్ అంచు వేలితో పైకెత్తారు. కింద లామినేషన్ చేసిన కాగితం: ఉచిత డ్రాప్ ఉదయం 6 నుంచి రాత్రి 10 వరకు. నాన్న దాన్ని పైకి చదివి, "స్వామిని అడ్డం పెట్టుకుని దోచుకుంటున్నారయ్యా" అన్నారు. లాబీలో పెళ్లివాళ్లు నవ్వారు. రిసెప్షన్ అతను కూడా నవ్వాడు కానీ 1,500లో రూపాయి తగ్గించలేదు. యాప్‌లో క్యాబ్ బుక్ చేస్తే ఒప్పుకున్నవాళ్లే మళ్లీ క్యాన్సిల్ చేస్తున్నారు. సామాన్లతో, మోకాళ్ల నొప్పులతో ఆ వేళప్పుడు రోడ్డు మీద నిలబడలేం కదా. కట్టాను.

మొత్తం 6,000, ఆ యాభై కాక. అమ్మ బిజినెస్ క్లాస్ టికెట్ మీద కట్టిన పన్నుల కంటే కాస్తే తక్కువ. అర్ధరాత్రి విమానాలున్నవాళ్లు ఆ దారిలో చవక హోటళ్ల జోలికి పోకండి. ఖర్చు ఎక్కువైనా ఎయిర్‌పోర్ట్ ఆవరణలోనే ఉన్న నోవోటెల్ నయం. లేదంటే సిటీలో బంధువుల ఇంట్లో భోంచేసి నేరుగా వెళ్లిపోండి. డ్రాప్ ఉచితమంటే ఎన్ని గంటల దాకా అని ఫోన్లోనే అడగండి, వాట్సాప్‌లో రాయించుకోండి.

ఎయిర్‌పోర్ట్‌లో అడుగు పెట్టగానే లెక్క మారింది. బిజినెస్ క్లాస్ కౌంటర్ దగ్గర లైనే లేదు. మనిషికి 32 కిలోల పెట్టెలు రెండు. ఆవకాయ, కందిపొడి, సున్నుండలు, అప్పడాలు ఏవీ బయటికి తీయాల్సిన పని పడలేదు. కరివేపాకు మాత్రం ఇంటి దగ్గరే తీయించాను, పచ్చి ఆకు అమెరికాలోకి రానివ్వరు. అమ్మ ఆ సంగతి మీద దోహా దాకా సణుగుతూనే ఉంది. వీల్‌చెయిర్ ముందే పెట్టించాను. దానికి డబ్బేమీ కట్టక్కర్లేదు, తోసేవాళ్లకి ఇవ్వడం ఇవ్వకపోవడం మీ ఇష్టం. లాంజ్‌లోకి నాకు ప్రవేశం లేదంటే అమ్మ కూడా వెళ్లనంది. నాన్న మాత్రం వెళ్లి ఇడ్లీ తిని వచ్చారు.

హైదరాబాద్–దోహా మామూలుగా గడిచిపోయింది. దోహాలో మారాక ఎక్కిన విమానంలో సీటుకి తలుపుంది, క్యూసూట్ అంటారు. మధ్య వరుసలో పక్కపక్క సీట్లు ముందే ఎంచుకున్నాను. అమెరికన్ ఇచ్చిన బుకింగ్ నంబర్ కాకుండా ఖతార్ నంబర్ వేరే ఉంటుంది, అది అడిగి తీసుకుంటేనే సీట్లూ శాకాహార భోజనమూ పెట్టుకోగలరు. మధ్యలో ఉన్న అడ్డు దింపేస్తే ఇద్దరికీ కలిపి ఒకే పడక అవుతుంది. నాన్న ఒప్పుకోలేదు, అడ్డు మళ్లీ పైకి లేపించారు.

నేను వెనక ఎకానమీలో. ఒకసారి బతిమాలుకుంటే చూసి రానిచ్చారు. అమ్మ తలుపు మూసుకుని, కాళ్లు పూర్తిగా చాపుకుని, దుప్పటి మెడ దాకా కప్పుకుని ఉంది. నన్ను చూడగానే గొంతు తగ్గించి, "మూడుసార్లు టీ అడిగాను, చివర్లో బిల్లు వేయరు కదా?" అంది. వేయరన్నాను. వెంటనే నాలుగోది అడిగింది. నాన్న ముందు అరబ్బుల మెజ్జే పళ్లెం ఉంది. హమ్మస్ వేలితో రుచి చూసి "శనగల పచ్చడి, ఉప్పు తక్కువ" అని తీర్పిచ్చి మొత్తం తినేశారు. వాళ్లిచ్చిన పైజమా వద్దన్న మనిషి ఫ్రిస్కోలో హనుమాన్ గుడికి తప్ప ఇంట్లో ఎప్పుడూ అదే వేసుకున్నారు.

డాలస్‌లో దిగాక అమ్మ చెప్పులు పట్టాయి.

వాళ్ల తిరుగు ప్రయాణానికి మైల్స్ సరిపోలేదు. కార్డు ఖర్చు మీద వచ్చినవి కూడా కలుపుకుని చెరో ఖాతాలో మిగిలినవి 8,500, అవి అమెరికా లోపల ఒకవైపు చిన్న ప్రయాణానికి పనికొస్తాయి. తక్కువ ధరకి బిజినెస్ సీట్లు ఇప్పిస్తామనే ఏజెంట్లు డాలస్ పక్కనే ఇర్వింగ్‌లో ఇద్దరు తగిలారు. వాళ్లు అమ్మేది ఎవరో అమ్ముకున్న మైల్స్‌తో తీసిన టికెట్లు. ఎయిర్‌లైన్స్‌కి తెలిస్తే టికెట్ రద్దు చేసే హక్కు వాళ్లకుంది. పెద్దవాళ్లను దోహాలో ఇరికించే పని ఎవరూ చేయకండి. ఎకానమీలోనే, నడవ పక్క సీట్లు డబ్బు కట్టి తీసుకుని పంపాను, మనిషికి 790 డాలర్లు. "రావడం మహారాణిలా, పోవడం మామూలుగా" అని అమ్మే నవ్వేసింది. నాన్నకి నవ్వు రాలేదు.

రెండో ఏడాది ఫీజు పడే ముందు నా కార్డు మూసేశాను. మా ఆవిడది ఉంచాం. అమెరికన్‌లో దేశం లోపల తిరిగితే ఈ కార్డున్నవాళ్లకీ వాళ్లతో ఒకే బుకింగ్‌లో ఉన్నవాళ్లకీ మొదటి పెట్టె ఉచితం. ఇద్దరం ఒకసారి పోయి వస్తే అప్పట్లో పెట్టెకి 35 చొప్పున 140 డాలర్లు మిగిలేవి, 99 ఫీజు దానిలో పోయేది. పెట్టె లేకుండా బ్యాక్‌ప్యాక్‌తో తిరిగేవాళ్లయితే ఆ రెండో కార్డు కూడా ఉంచుకోవద్దు.