ఏఐ డిటెక్టర్: భాషా టీచర్లు కొనేముందు ఒకసారి చదవండి

వ్యాసం పిల్లలే రాశారా, ఏఐ చేత రాయించారా అన్నది తేల్చేస్తామని చెప్పుకునే డిటెక్టర్ ఒకటి సబ్‌స్క్రిప్షన్ కట్టి ఈ టర్మంతా వాడాను. పేరెందుకు, ఈ బాపతువి చాలానే ఉన్నాయి. నేను పాఠాలు చెప్పేది ఇంగ్లీషును రెండో భాషగా నేర్చుకునేవాళ్లకు.

వాడకం తేలిక. పేస్ట్ చేస్తే చాలు, శాతం వచ్చేస్తుంది, అనుమానమున్న వాక్యాలకు పసుపు రంగు పూస్తుంది.

క్లాసులో అసలు నోరు విప్పని ఒకమ్మాయి వ్యాసానికి 84 శాతం ఏఐ అని చూపించింది. పసుపు పూసినవేంటా అని చూద్దును కదా, ఫస్ట్లీ, సెకండ్లీ, ఇన్ కన్‌క్లూజన్... అన్నీ నేను బోర్డు మీద రాసి నేర్పించినవే! పిలిచి నిలదీస్తే ఆ పిల్ల ఇక కలం పట్టడానికే భయపడుతుంది, వదిలేస్తే నిజంగా రాయించుకొచ్చినవాళ్లకూ కష్టపడ్డవాళ్లకూ ఒకే మార్కులు పడతాయి. ఆ అంకె కనబడేదాకా నాకసలు అనుమానమే లేదు, అదీ విషయం. చివరికి ఆ ఉదాహరణ ఎందుకు తీసుకున్నావని మామూలుగా అడిగాను, తడుముకుంటూనే అయినా తన కారణం తను చెప్పింది, మార్కులు వేసేశాను. ఆ శాతం సంగతి తనకు చెప్పాలా వద్దా అన్నది మాత్రం ఇంకా తేల్చుకోలేదు.

ఇలాంటి డిటెక్టర్లలో చాలా వాటికి తర్వాత ఏ మాట వస్తుందో ఎంత తేలిగ్గా ఊహించవచ్చన్నదే లెక్క, తేలిగ్గా ఊహించగలిగితే ఏఐ అనేస్తాయి. వచ్చిన కొద్ది మాటలతో ఆచితూచి రాసేవాళ్లు అక్కడే ఇరుక్కుంటారు. 2023లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు టోఫెల్‌కి (ఇంగ్లీషు మాతృభాష కానివాళ్లు రాసే పరీక్ష) మనుషులు రాసిన 91 వ్యాసాలను 7 డిటెక్టర్లకు ఇస్తే, సగటున 61 శాతాన్ని ఏఐ ఖాతాలో వేశాయి. అవే వ్యాసాల్లో పదాలను చాట్‌జీపీటీతో మెరుగు పెట్టించాక ఆ తప్పు బాగా తగ్గిపోయింది. అంటే సాయం తీసుకున్నవాడు దర్జాగా బయటపడతాడన్నమాట! చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్‌ఏఐ కూడా 2023 జనవరిలో తెచ్చిన సొంత డిటెక్టర్‌ను కచ్చితత్వం చాలడం లేదని జులైకల్లా ఆపేసింది.

ఇంకోటి, పిల్లలు ఇంట్లో గొడవలూ చావులూ కూడా వ్యాసాల్లో రాస్తారు. వాళ్లనడక్కుండా వాటిని ఎవరిదో సర్వర్‌లోకి ఎక్కించడం నాకు మింగుడుపడలేదు, ఎంతకాలం ఉంచుకుంటారో సెట్టింగుల్లో ఎక్కడా లేదు.

రేటింగ్ 5కి 1, అదీ స్పీడుకి. దీనికి బదులు పిల్లల చేత డ్రాఫ్టులు క్లాసులోనే రాయించండి. రద్దు చేద్దామంటే బటన్ ఉండదు, సపోర్ట్‌కి మెయిల్ పెట్టాలి, రెన్యువల్ తేదీకి ముందే పెట్టేయండి.