చాట్ యాప్ నెమ్మదించిందని ‘స్పీడ్ ప్లాన్’ కొనబోతున్నారా? ముందు ఇది చదవండి

కంప్యూటర్‌లో వాట్సాప్ మొరాయిస్తోందని, దాన్ని ఏడాది పాటు చూసుకుంటామన్న ఒక సంస్థ దగ్గర 3,540 రూపాయలు పెట్టి ప్లాన్ కొని మోసపోయాను. పోయిన డబ్బు కంటే నన్ను ఎక్కువగా భయపెట్టిన సంగతి మరొకటి ఉంది, దాన్ని కింద వివరంగా రాశాను. రోజంతా చాట్ తెరిచి ఉంచుకుని వ్యాపారం చేసుకునేవారు ఇలాంటి ప్లాన్లకు డబ్బు కట్టకముందే ఈ విషయాలు తెలుసుకోవడం మంచిది.

నాకు రాజమహేంద్రవరంలో శుభలేఖలు, బిల్లు పుస్తకాలు అచ్చువేసే చిన్న ప్రెస్సు ఉంది. ప్రూఫులు వాట్సాప్‌లోనే పంపుతాము, దిద్దుబాట్లు కూడా అందులోనే వస్తాయి. పెళ్లిళ్ల సీజన్ మొదలయ్యే సమయానికి సిస్టమ్‌లో ఆ యాప్ మరీ మందగించింది. ఒక పేరు మీద నొక్కితే చాట్ తెరుచుకోవడానికి పది సెకన్లు పట్టేది. ‘ప్రూఫ్ చూసి చెప్పండి’ అని టైపు చేసి చేయి తీసేసిన తరువాత అక్షరాలు ఒక్కొక్కటిగా తెరమీదికి వచ్చేవి. పీడీఎఫ్ వెళ్లలేదేమోనని మళ్లీ పంపితే రెండూ వెళ్లేవి. ఒకసారి దిద్దిన ప్రూఫు ముందు చేరి, దిద్దనిది వెనకగా చేరడంతో, పెళ్లికూతురి తండ్రిగారు చివర వచ్చినదే సరైనదనుకుని ‘ఓకే’ పెట్టారు. ముహూర్తం తప్పుగా పడిన రెండు వందల కార్డులు నా ఖర్చుతో మళ్లీ వేయవలసి వచ్చింది.

ఆ కోపంలోనే ఇంటర్నెట్‌లో వెతికి, అన్నిటికంటే పైన కనిపించిన నంబరుకు ఫోన్ చేశాను. పైన వచ్చేవి డబ్బు కట్టి పెట్టించుకున్న ప్రకటనలని నాకు తెలియక కాదు, ఆ తొందరలో చూసుకోలేదు. అవతలి వ్యక్తి మంచి తెలుగులో, ఎంతో మర్యాదగా మాట్లాడారు. దూరం నుండి మన సిస్టమ్‌ను నడపడానికి వీలిచ్చే ఒక యాప్ వేయించి, అందులో వచ్చిన అంకెలు చదవమన్నారు. చదివిన మరుక్షణం నా మౌస్ బాణం దానంతట అది కదలడం మొదలైంది. విండోస్‌లోనే ఉండే ‘ఈవెంట్ వ్యూయర్’ తెరిచి, ఎర్ర గుర్తులు, పసుపు గుర్తులు వరుసగా చూపించి, “ఇవన్నీ వైరస్‌లే సార్, వీటి వల్లే మీ చాట్ ఆగిపోతోంది” అన్నారు.

ఆ గుర్తులకు, వైరస్‌లకు ఏ సంబంధమూ లేదని తరువాత తెలిసింది. ఏదో ఒక సర్వీసు సమయానికి మొదలు కాకపోయినా, ప్రింటర్ స్పందించకపోయినా విండోస్ అక్కడ ఒక పద్దు రాసుకుంటుంది. నిక్షేపంగా నడుస్తున్న సిస్టమ్‌లో తెరిచి చూసినా ఎర్ర గుర్తులు కనిపిస్తాయి. ఆ వ్యక్తి చెప్పిన రెండవ కారణంలో మాత్రం సగం నిజం ఉంది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసిన మాట వాస్తవమే. అయితే దాని వల్ల భద్రతా అప్‌డేట్ల విషయంలో జాగ్రత్త పడాలే గాని, నిన్నటి దాకా నడిచిన యాప్ మద్దతు ముగిసినంత మాత్రాన ఈ రోజు నత్తనడక పట్టదు.

డబ్బు యూపీఐలో పంపమన్నారు. పంపే ముందు తెరమీద సంస్థ పేరు కాకుండా ఎవరో వ్యక్తి పేరు కనిపించింది. అడిగితే “అకౌంట్స్ మేడమ్ పేరండి” అన్నారు, నేను నమ్మాను. మూడు వేలు ప్లాన్‌కు, 540 జీఎస్టీకి అని చెప్పి, బిల్లు పంపమంటే ఒక బొమ్మ పంపారు. బిల్లు పుస్తకాలు అచ్చువేసే నేను ఆ బిల్లును తరువాత గాని సరిగ్గా చూడకపోవడం నా సిగ్గుచేటు. జీఎస్టీ నంబరులో అక్షరాలు, అంకెలు కలిపి 15 ఉండాలి, మొదటి రెండు అంకెలు రాష్ట్రాన్ని సూచిస్తాయి: ఆంధ్రప్రదేశ్‌కు 37, తెలంగాణకు 36. ఆ బిల్లు మీద లెక్కపెడితే 14 మాత్రమే ఉన్నాయి.

వాళ్లు చేసిన ‘రిపేరు’ ఒక క్లీనర్ సాఫ్ట్‌వేర్ వేయడం. అది డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌ను చెత్త కింద లెక్కగట్టి ఖాళీ చేసింది. కస్టమర్లు పంపిన ఫోటోలు, మేటర్లు అందులోనే ఉండేవి. చాలావరకు ఫోన్‌లో ఉండబట్టి తిరిగి తెచ్చుకోగలిగాను. సిస్టమ్ వేసిన ప్రతిసారీ ఆ క్లీనర్ కూడా లేచి కూర్చోవడంతో వాట్సాప్ ఇంకా నెమ్మదించింది. మళ్లీ ఫోన్ చేస్తే, మరో రెండు వేలు కట్టి ‘డీప్ క్లీన్’ చేయించుకోమన్నారు.

నన్ను నిజంగా భయపెట్టినది ఇప్పుడు చెబుతాను. రిపేరు మధ్యలో యాప్‌ను లాగౌట్ చేసి, తెరమీద క్యూఆర్ కోడ్ చూపించి ఫోన్‌తో స్కాన్ చేయమన్నారు. చేశాను. “పట్టలేదు సార్, ఇంకోసారి” అన్నారు. మళ్లీ చేశాను. నాలుగు రోజుల తరువాత మా మేనల్లుడు నా ఫోన్ వాట్సాప్‌లో ‘లింక్డ్ డివైసెస్’ (జతచేసిన పరికరాల జాబితా) తెరిస్తే, మా సిస్టమ్‌తో పాటు ‘గూగుల్ క్రోమ్’ అని మరొకటి ఉంది, ఆ ఉదయం కూడా అది వాడుకలో ఉన్నట్టు చూపించింది. నేను మొదటిసారి స్కాన్ చేసిన కోడ్ వాళ్ల కంప్యూటర్‌దన్నమాట. ఒక ఖాతాకు ఫోన్‌తో పాటు నాలుగు పరికరాలు జతచేసుకోవచ్చు, అవి పనిచేయడానికి ఫోన్ ఆన్‌లో ఉండనక్కరలేదు. నాలుగు రోజులు నా కస్టమర్ల పేర్లు, ఇంటి చిరునామాలు, పెళ్లి తేదీలు ఎవరో చదువుకుంటూ కూర్చున్నారు. ఆ ‘గూగుల్ క్రోమ్’ పేరు మీద నొక్కి వెంటనే లాగౌట్ చేశాము. మీరు ఎప్పుడైనా ఇలా ఎవరి చేతైనా బాగుచేయించుకుని ఉంటే, ఆ జాబితాను దయచేసి ఈ రోజే చూసుకోండి.

అసలు రోగం కనిపెట్టడానికి మా మేనల్లుడికి అయిదు నిమిషాలు పట్టింది. ముందు అదే చాట్‌ను బ్రౌజర్‌లో వాట్సాప్ వెబ్‌గా తెరిచాడు. అక్కడ హాయిగా నడిస్తే తప్పు యాప్‌లో ఉన్నట్టు, అక్కడా ఈడ్చుకుంటూ ఉంటే తప్పు చాలావరకు సిస్టమ్‌లో ఉన్నట్టు. మాది రెండవ రకం. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడు కీలు కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరిస్తే, డిస్క్ అన్న గడి 100 శాతం దగ్గర బిగుసుకుని ఉంది. క్లీనర్ తీసేసినా తొంభైకి దిగడం లేదు. “మామయ్యా, ఇది వాట్సాప్ జబ్బు కాదు, ఏడేళ్ల హార్డ్ డిస్క్ జబ్బు” అన్నాడు. పాత రకం హార్డ్ డిస్క్‌లో తిరిగే పళ్లెం మీద ముల్లు అటూ ఇటూ కదిలి సమాచారం వెతకాలి, వేలకొద్దీ చిన్న ఫైళ్లను ఒకేసారి అడిగితే అది అందుకోలేదు. కదిలే భాగాలు లేని ఎస్‌ఎస్‌డీ కొని, పాత డిస్క్‌లోని సమాచారం మొత్తం దానిలోకి ఎక్కించాము. ఖర్చు ఆ దొంగ ప్లాన్ కంటే తక్కువే అయింది. ఇప్పుడు పేరు నొక్కగానే చాట్ తెరుచుకుంటోంది.

అందరిదీ ఇదే రోగం కాకపోవచ్చు. విండోస్‌లో వాట్సాప్ యాప్ 2025 చివర్లో వెబ్ పేజీనే కిటికీలో చూపించే పద్ధతికి మారింది కాబట్టి మునుపటి కంటే ఎక్కువ మెమరీ తీసుకుంటుంది, ర్యామ్ 4 జీబీ ఉన్న సిస్టమ్‌లో ఆ తేడా బాగా తెలుస్తుంది. యాప్, వాట్సాప్ వెబ్ రెండూ ఒకేసారి తెరిచి పెట్టుకునేవారు ఒకటి మూసేయండి. యాప్ సెట్టింగ్‌లలో ఫోటోలు, వీడియోలు వాటంతట అవి దిగకుండా ఆపవచ్చు. విండోస్ సెట్టింగ్‌లలో ఆ యాప్ పేరు కింద అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో ‘రిపేర్’ అని ఉంటుంది, ముందు అది నొక్కండి. పక్కనే ఉండే ‘రీసెట్’ నొక్కితే యాప్‌లోని సమాచారం చెరిగిపోయి, మళ్లీ ఫోన్‌తో జతచేసుకోవలసి వస్తుంది. వీటిలో ఏ ఒక్కదానికీ రూపాయి ఖర్చు లేదు.

జాతీయ సైబర్ నేరాల నంబరు 1930కు ఫోన్ చేసి, యూపీఐ లావాదేవీ నంబరు, ఆ బిల్లు వివరాలు ఇచ్చాను. మోసం జరిగిన గంటలోనే చేసి ఉంటే డబ్బు అవతలి ఖాతాలో ఆపే అవకాశం ఎక్కువగా ఉండేది, నాకు తెలిసేసరికి నాలుగు రోజులు గడిచాయి. మోసం కాక, డబ్బు తీసుకుని సేవ సరిగా చేయని దుకాణం మీద అయితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చెప్పవచ్చు.

పోయిన వారం అదే గొంతు వేరే నంబరు నుండి మళ్లీ పలికింది. కంపెనీ మూతపడుతోందని, నా 3,540 తిరిగి ఇచ్చేస్తామని, అందుకు ఆ పాత యాప్ తెరిచి అంకెలు చదివితే చాలని చెప్పారు. అంకెలకు బదులు వాళ్ల జీఎస్టీ నంబరు పూర్తిగా చదివి వినిపించమని అడిగాను. ఫోన్ పెట్టేశారు. ఆ కొత్త నంబరును కూడా నా ఫిర్యాదులో చేర్పించాను.