ఆపరేషన్ మచ్చ ఉబ్బితే ఏది మేలు: సిలికానా, ఇంజెక్షనా, మళ్లీ కోతా?

కుట్లు తీశాక మచ్చ ఎర్రగా, గట్టిగా లేచి దురద పెడుతుంటే చాలామందికి తట్టేది ఒకటే: "దీన్ని కోయించేసుకుంటే పోలా?" మూడింట్లో నేను చిట్టచివర పెట్టేది దాన్నే. ముందసలు మచ్చ ఏ రకమో తేలాలి.

కోత గీత దాటకుండా ఉన్నచోటే ఉబ్బేది హైపర్‌ట్రోఫిక్ మచ్చ. ఒకటి రెండు నెలల్లో లేస్తుంది, కొన్ని నెలలు పెరుగుతుంది, ఆ తర్వాత ఏడాదికో రెండేళ్లకో చాలావరకు అణుగుతుంది. కీలాయిడ్ అలా కాదు, గీత దాటి పక్కనున్న మంచి చర్మం మీదికి పాకుతుంది. గాయం మానిన నెలలకు, ఒక్కోసారి ఏళ్లకు మొదలవుతుంది. దానంతటది పోవడం అరుదు.

కీలాయిడ్ ముప్పు ఒంటి తీరును బట్టి ఉంటుంది. ఒంటిరంగు ముదురుగా ఉన్నవాళ్లకు, ఇంట్లో ఇంకెవరికైనా వచ్చినవాళ్లకు, 10 నుంచి 30 ఏళ్లలోపువాళ్లకు ఎక్కువ. చోటు కూడా ముఖ్యమే. ఛాతీ మధ్య, భుజం, వీపు పైభాగం, చెవి తమ్మె, దవడ దానికి ఇష్టమైన తావులు. అరచేతుల్లో, అరికాళ్లలో, కనురెప్పల మీద దాదాపు రాదు. హైపర్‌ట్రోఫిక్ మచ్చకు గాయం మానిన తీరు పెద్ద కారణం: చీము పట్టడం, కుట్లు విడిపోవడం, మానడానికి మూడు వారాలు దాటడం, కీళ్ల దగ్గర కోత పదేపదే లాగబడటం.

మచ్చ మీద అంటించే సిలికాన్ షీట్‌గానీ పూసే జెల్‌గానీ గాయం పూర్తిగా మూసుకున్నాకే మొదలుపెట్టాలి. షీటైతే రోజుకు కనీసం 12 గంటలు, రెండు మూడు నెలలు. చర్మంలో తేమ ఆవిరైపోకుండా ఆపడమే దాని పని. అద్భుతాలేం చేయదు, రుజువులూ అంత గట్టివి కావు. కానీ చెమటకు వచ్చే దద్దుర్లు తప్ప హాని లేదు గనుక మచ్చ లేవకముందే, లేదా లేస్తున్న కొత్తలో నా ఓటు దీనికే. ముఖం మీద, కీళ్ల దగ్గర జెల్ సులువు. విటమిన్ ఇ రాయడం మాత్రం దండగ, పైగా కొందరికి ఎలర్జీ.

మచ్చ గట్టిపడి నొప్పి, దురద పెడుతుంటే సిలికాన్ చాలదు. అప్పుడు ట్రయామ్సినలోన్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్ మేలు. చర్మ డాక్టర్ సుమారు నాలుగు నుంచి ఆరు వారాలకోసారి మచ్చలోకే ఇస్తారు. సూది దిగేటప్పుడు బాగా నొప్పి. దురద ముందు తగ్గుతుంది, ఎత్తు నెమ్మదిగా. చుట్టూ చర్మం పలచబడటం, తెల్లబారడం ఉండొచ్చు. ముదురు రంగు చర్మం మీద ఆ తెలుపు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. స్టెరాయిడ్ ఒక్కటే లొంగదీయకపోతే 5-ఫ్లోరోయురాసిల్ (క్యాన్సర్‌కూ వాడే మందు) కలిపి ఇస్తారు. గర్భిణులకు అది పనికిరాదు.

ఇక కోత. కీలాయిడ్‌ను ఉత్తినే కోసి వదిలేస్తే సగానికి సగం, కొన్ని లెక్కల్లో దాదాపు అన్నీ తిరిగొస్తాయి, అదీ ముందుకంటే పెద్దవిగా. కొత్త కోతంటే దానికి కొత్త గాయమే కదా! అందుకే కోసినా వెంటనే ఇంజెక్షన్లో, ఒకటి రెండు రోజుల్లో రేడియేషనో జతచేస్తారు. రేడియేషన్ పిల్లలకు, గర్భిణులకు వద్దు. చెవి తమ్మె మీది గడ్డకు, కీలు మడవనివ్వకుండా బిగుసుకున్న మచ్చకు మాత్రం కోత నిజంగానే అక్కరకొస్తుంది.

ఇంకా ఆపరేషన్ కానివాళ్లు పాత కీలాయిడ్ సంగతి సర్జన్‌కు ముందే చెప్పాలి. కోత ఎటు పెట్టాలో, కుట్టు మీద లాగుడు ఎలా తగ్గించాలో ఆయన అప్పుడే చూసుకుంటారు. ఛాతీ మీద పుట్టుమచ్చను అందం కోసం తీయించుకోవడంలాంటివైతే అసలు మానుకోవడమే మేలు.